పంచిపెట్టిన అనుమానాలు

ఆ కాలేజీలో సోషియాలజీ చెప్పే మాస్టారికి అసలు పేరొకటి ఉంది కానీ, అది జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ ఆయన ‘ఎలా తెలుసు’ మాస్టారే. ఎదురుపడి, "ఇవాళ ఉక్కపోత ఎక్కువగా ఉందండీ" అన్నామనుకోండి. మామూలు మనిషైతే ఔననో కాదనో అని తన దారిన తను పోతాడు. ఈయన ఆగుతాడు. తల కొంచెం పక్కకి వాలుస్తాడు. "ఎలా తెలుసు? నిన్నటికన్నా ఉక్క ఎక్కువా, మీకు నిన్నటికన్నా ఓపిక తక్కువా?" అంటాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడుగుతాడు. ఒళ్ళు మండేది అందుకే. వెటకారమైతే తిరిగి ఒకటి అంటించి పోవచ్చు.

సెలూన్ అతను ఆయనకి జుట్టు కత్తిరిస్తూ కబుర్లు చెప్పడం మానేశాడు. "అందరి దగ్గరా నేను మాట్లాడతాను, వాళ్ళు ఊ కొడతారు. ఈయన ఊ కొట్టడండీ. ఊ కొట్టని తలని కత్తిరించడం చాలా కష్టం" అన్నాడు నాతో.

నేను చాలా ఊళ్ళు తిరిగాను. రైలు పెట్టెల్లో చాలా పుస్తకాలు చదివాను, కొన్ని సగంలోనే అక్కడే వదిలేసి దిగిపోయాను. ప్రతి ఊళ్ళోనూ అన్నీ తెలిసినవాడు ఒకడుంటాడు, వాడికి తోడు ఒక బావమరిది ఉంటాడు. తనకేమీ తెలియదని గట్టిగా నమ్మే మనిషిని మాత్రం ఈ ఊళ్ళోనే చూశాను. ఈయనకీ ఒక బావమరిది ఉన్నాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

వాళ్ళ ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ముందు గదిలో మాస్టారి భార్య నడిపే కళ్ళజోళ్ళ దుకాణం, వెనక వంటా కాపురమూ, మేడమీద ఒక అద్దె గది. ఆ గదిలో కొన్నాళ్ళుండి పోదామని దిగాను. కింద నుంచి వినిపించే మాటలు బాగున్నాయి, ఉండిపోయాను.

ఆ ఇంటి పెళ్ళి కథ కూడా కళ్ళజోడుతోనే మొదలైంది. ఉద్యోగంలో చేరేముందు మాస్టారిని కళ్ళు బాగున్నాయని కాగితం తెమ్మన్నారట. కళ్ళు చూసి కాగితం ఇచ్చేది ఆవిడ తండ్రి. ఆ వేళ ఆయన భోజనానికి వెళ్తే కూతురు కొట్లో కూర్చుంది. మన మాస్టారికి అప్పటికే ఎదురింటి గడియారంలో ముళ్ళు కనిపించవు. కానీ కళ్ళజోడు పెట్టుకుంటే వయసు ముదిరినవాడిలా ఉంటానని బెంగ. వంతు వచ్చేదాకా బల్లమీద కూర్చుని, ముందువాళ్ళు చదువుతుంటే వింటూ, గోడమీది అక్షరాల బోర్డు పైనుంచి కిందదాకా బట్టీ పట్టేశాడు. వంతు రాగానే గడగడా అప్పజెప్పాడు. ఆవిడ లేచి బోర్డు తిరగేసింది. వెనకవైపు వేరే అక్షరాలున్నాయి. "ఇప్పుడు చదవండి" అంది. ఈయన మొదటి అక్షరం దగ్గరే నీళ్ళు నమిలాడు.

"మీకెలా తెలిసింది?" అన్నాడట.

"కనిపించేవాళ్ళు ఆగి ఆగి చదువుతారండీ. కళ్ళు చికిలిస్తారు, తప్పు చదివి దిద్దుకుంటారు. మీరసలు ఊపిరే తీసుకోలేదు."

ఆ ప్రశ్న తాను జీవితంలో మొదటిసారి వేసింది అప్పుడేనని, తర్వాత మానలేకపోయానని మాస్టారు అంటాడు. ఆవిడ కథనం వేరు. "కళ్ళజోడు అమ్మితే మనిషి కూడా వెంట వచ్చాడు బాబాయిగారూ. వాపసు ఇద్దామంటే పుచ్చుకునేవాళ్ళు లేరు" అంటుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇంట్లో ఆయన గెలిచింది నేను చూడలేదు. ఒకరోజు కూరలో ఉప్పు తగ్గిందన్నాడు.

"ఎలా తెలుసు?" అంది ఆవిడ.

"తిన్నాను కనుక."

"ఒక్కరి అనుభవం లోకం మొత్తానికి సాక్ష్యం కాదని మీరేగా చెప్తారు. వెళ్ళి నలుగురిని పిలుచుకు రండి, వడ్డిస్తాను."

మాస్టారు ఉప్పు డబ్బా అందుకున్నాడు.

ఇక కాలేజీ. సైన్సు వాళ్ళకి పై అంతస్తు, కామర్సు వాళ్ళకి గాలి వచ్చే వైపు. సోషియాలజీకి మెట్ల కింద గది, కిటికీ తీస్తే సైకిల్ స్టాండు. పాఠం మధ్యలో ఎవరిదో ఒక సైకిలు ఒరుగుతుంది. దానితో పక్కది, దానితో ఇంకోటి, వరసగా చివరిదాకా పడతాయి. మాస్టారు పాఠం ఆపి, ఆఖరి సైకిలు పడ్డాక, "సమాజం అంటే అదే" అని మళ్ళీ మొదలుపెడతాడు.

ఆయన చెప్పేవాటిలో ఒక పేపరు ఉంది. సిలబస్‌లో దాని పేరు ‘విమర్శనాత్మక ఆలోచన’. పిల్లలు ‘అనుమానాల పేపరు’ అంటారు. ఆ క్లాసులో ఒక మాట నిషేధం: "అందరికీ తెలిసిందే కదా సార్." అన్నవాడు ఆ సాయంత్రమే వెళ్ళి, ఆ అందరికీ తెలిసిన సంగతి నిజమో కాదో కళ్ళారా చూసి రావాలి.

ఆ క్లాసులో రేడియో అని ఒక కుర్రాడుండేవాడు. అందరికన్నా ముందు మొదలుపెట్టి అందరికన్నా ఆఖర్న ఆపుతాడు కనుక ఆ పేరు. వాడొకసారి, ఈ కాలం కుర్రాళ్ళు పుస్తకాలు చదవరని అందరికీ తెలిసిందే కదా అన్నాడు. మాస్టారు లైబ్రరీకి పంపాడు. మర్నాడు వచ్చాడు.

"చూశాను సార్. కుర్రాళ్ళు ఒక్కరూ లేరు. పెద్దవాళ్ళున్నారు, అందరి దగ్గరా పేపర్లున్నాయి."

"చదువుతున్నారా?"

"పేపరు మొహంమీద ఉంది సార్. పైన ఫ్యాను తిరుగుతోంది."

"అయితే చదవనిదెవరు?"

రేడియో జీవితంలో మొదటిసారి ఆగాడు. గోడకేసి చూశాడు, చెవి గోక్కున్నాడు. "కుర్రాళ్ళు లైబ్రరీలో లేరని తెలిసింది సార్. ఇంకెక్కడైనా చదువుతున్నారేమో నేను వెతకలేదు" అన్నాడు. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి రెండుసార్లు టీ తాగాడు. ఆయన సంబరం అంతవరకే.

అదే క్లాసులో ఒక అమ్మాయి పేరు ఆలస్యం. రెండు బస్సులు మారి వస్తుంది, రెండోది ఎప్పుడూ దొరకదు. గుమ్మంలో నిలబడి "రావచ్చా సార్" అనేసరికి పాఠం సగం గడిచిపోయి ఉంటుంది. కూర్చోగానే తను రాకముందు ఏం జరిగిందో అటూ ఇటూ వెనకా అడుగుతుంది. ఎవరి పాటికి వాళ్ళు వేరే వేరేగా చెప్తారు. ఒకసారి కళ్ళజోడు కమ్మి బిగించుకోవడానికి కొట్టుకొచ్చి, "మొదటినుంచీ కూర్చున్నవాళ్ళకి పాఠం ఒక్కటే తెలుస్తుందండీ. నాకైతే ఎవరికి ఏది అర్థం కాలేదో కూడా తెలుస్తుంది" అంది. ఆవిడ కమ్మి బిగించి, కూలి పుచ్చుకోకుండా పంపేసింది.

అలా నడుస్తున్న బండికి పరీక్షతో చక్రం ఊడింది.

ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షల్లో మాస్టారు ఆఖరి ప్రశ్న ఇలా ఇచ్చాడు: పెద్దలు చెప్పినదాన్ని ప్రశ్నించవచ్చా? మీ సొంత అభిప్రాయం రాయండి. పేపర్లు ఇంటికి తెచ్చుకుని కొట్లో బల్లమీద పరచుకున్నాడు. మొదటిది చదివి మురిసిపోయాడు. తర్వాతది చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాతదానికి భార్యని కేకేశాడు.

"ఏమేవ్, నా అద్దాలు మార్చాలేమో. ఒకటే పేపరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది."

ఆవిడ వచ్చి ఒకటి తీసి చదివింది, ఇంకోటి తీసి చదివింది. అన్నిటిలోనూ ఒకటే వాక్యం, కామా తేడా లేకుండా: ‘నా సొంత అభిప్రాయం ప్రకారం, ప్రతి విషయాన్నీ ప్రశ్నించి తీరాలని అందరూ ఏకగ్రీవంగా అంగీకరించియున్నారు.’

"అద్దాలు బాగానే ఉన్నాయి. మా తమ్ముడే బాగోలేదు" అంది. ‘అంగీకరించియున్నారు’ అని రాసే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే.

బావమరిది దగ్గరికి వస్తానన్నాను కదా, వచ్చాం. అతనికి కాలేజీ గేటు ఎదురుగా ట్యూషన్ సెంటరు ఉంది. అన్ని పేపర్లకీ గైడులు వేస్తాడు. మనిషి మంచివాడు, అక్కంటే ప్రాణం, బావంటే గౌరవం. ఆ గౌరవం కొద్దీ బావ పేపరుకి కూడా గైడు వేశాడు. పిలిపించారు. వచ్చి, గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఒరే, సొంత అభిప్రాయం గైడులో ఎలా వేస్తావురా?" అన్నాడు మాస్టారు.

"కొనుక్కున్నాక వాళ్ళ సొంతమే కదా బావా."

"నవ్వకే" అన్నాడు మాస్టారు భార్యవైపు తిరిగి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

"నువ్వు కోప్పడకు బావా. నువ్వు అనుమానాలు పుట్టిస్తావు, నేను వాటిని పెంచి పోషిస్తున్నాను. ఒక ఇంటి వ్యాపారమే ఇది."

మాస్టారు ఆ ప్రశ్నకి క్లాసు మొత్తానికీ సున్నా వేశాడు. ఇచ్చిన సున్నాలు ఊరికే పోవు, తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని వస్తాయి. వచ్చాయి. ప్రిన్సిపాలు పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు, గోడలకి రంగు పెచ్చులూడుతుంటే ఆయనకీ కడుపు తరుక్కుపోతుంది. కానీ గొడవంటే పడదు.

"మాస్టారూ, అందరికీ ఒకటే సొంత అభిప్రాయం ఉండకూడదని రూలుందా?"

"రూలు లేదండీ. అవకాశం కూడా లేదు."

"పిల్లల ఐకమత్యమనుకోవచ్చుగా."

"ఒకటే చోట తప్పులు కూడా ఉన్నాయండీ. ఐకమత్యం అక్షరదోషాల దాకా వెళ్ళదు."

ప్రిన్సిపాలు నుదురు రుద్దుకున్నాడు. యూనివర్సిటీకి ఫిర్యాదు వెళ్ళిందని, కమిటీ వస్తుందని చెప్పాడు. వాళ్ళు క్లాసులో కూర్చుంటారు. పిల్లలు నిజంగా ఆలోచిస్తున్నారని తేలితే పేపరు ఉంటుంది. లేదంటే తీసేసి, ఆ గంటలో ‘ఆఫీసు ఉత్తరాలు వ్రాయు విధానము’ పెడతారు. అదీ మాస్టారే చెప్పాలి. తమ ఉత్తర్వుల ప్రకారం అని మొదలుపెట్టి, తమ విధేయుడు అని ముగించే చదువు. మధ్యలో ‘ఎలా తెలుసు’ అని అడగడానికి చోటు లేదు.

అప్పటినుంచి ఆయన మనిషి మనిషిలా లేడు. ఉద్యోగం పోతుందని కాదు, ఆ పేపరు తప్ప ఆయనకి చేతనైన పని ఇంకోటి లేదు. ఆవిడ ఒక పొద్దున మేడెక్కి వచ్చింది, చేతిలో గుడ్డా, తుడవాల్సిన అద్దమూ అలాగే ఉన్నాయి.

"బాబాయిగారూ, ఇందాక పాలవాడు ఇవాళ పాలు చిక్కగా ఉన్నాయమ్మా అన్నాడు. ఈయన ‘అలాగే’ అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"పాలు చిక్కగా ఉన్నాయా?"

"నీళ్ళే నయం."

ఆవిడ ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పిలిచి, "నీ గైడు తెచ్చిన తంటా ఇది, నువ్వే తీర్చు. ఎలా తీరుస్తావో నాకు చెప్పకు" అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

కమిటీ వచ్చేరోజుకి కాలేజీ కూడా తలంటుకున్నట్టు తయారైంది. మెట్ల కింద గదిలో వచ్చినవాళ్ళ కుర్చీలకి ఎదురుగా ఉండే గోడకి రంగు వేశారు. మిగతా గోడలు వాళ్ళ వీపు వెనక ఉంటాయి కనుక వాటి జోలికి పోలేదు. వరండా పొడుగునా పూలకుండీలు వెలిశాయి. సైకిళ్ళని తాడుతో ఒకదానికొకటి కట్టారు. మాస్టారు నన్ను రమ్మన్నాడు. "మీరు వెనక బెంచీలో ఉండండి, అలవాటైన మొహం కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. ప్రిన్సిపాలు నన్ను కూడా కమిటీ అనుకుని ఒక పూలగుత్తి ఇచ్చాడు. వెనక్కి ఇస్తే బాధపడతాడని ఉంచుకున్నాను.

కమిటీ ఇద్దరే. పెద్దాయన లెక్కల ప్రొఫెసరుగా రిటైరైనవాడు, కనుబొమలు గుబురుగా ఉంటాయి. రెండో ఆవిడ భూగోళం చెప్తుంది. ఆవిడ కూర్చున్నదగ్గర్నుంచీ రంగు వేసిన గోడనీ, వెనక్కి తిరిగి వెయ్యని గోడనీ మార్చి మార్చి చూస్తోంది. పిల్లలంతా నూనె రాసి దువ్విన తలలతో కుదురుగా కూర్చున్నారు. ఇంకో వింత ఏమిటంటే ఆలస్యం అప్పటికే వచ్చి ఉంది, మొదటి బెంచీ కొసన.

పాఠం మొదలైంది. మాస్టారు ఈ పాఠాన్ని ఏటా ఒకటే వరసలో చెప్తాడు. లోకంలో అందరూ అనే మాటలు కొన్ని తీసుకుని, ఒక్కోటీ బల్లమీద పెట్టి ఊరుకుంటాడు. పిల్లలు ఎవరైనా దాన్ని పట్టుకుని పీకాలి. మామూలు రోజుల్లో ముందు బోలెడంత మౌనం ఉంటుంది. కాళ్ళు కదిపిన చప్పుడు, ఎవరో పెన్ను కింద పడేసుకోవడం, ఆ తర్వాత సగం సగం మాట ఒకటి.

"బద్ధకం ఉన్నవాడే బీదవాడవుతాడని అంటారు" అన్నాడు.

అనీ అనకముందే ఒకడు లేచాడు. "సార్, బద్ధకం వల్ల బీదరికం వచ్చిందా, బీదరికం వల్ల ఆశ చచ్చి బద్ధకంగా కనిపిస్తున్నాడా? ఎలా తెలుసు సార్?" కూర్చున్నాడు. కమిటీ పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. రాసుకున్నాడు.

"బాగా చదివితే ఉద్యోగం వస్తుందని అంటారు."

ఇంకో అమ్మాయి లేచింది. "సార్, చదివీ రానివాళ్ళని మనం లెక్కలోకి తీసుకోవడం లేదేమో సార్. ఎలా తెలుసు?" కూర్చుంది. మాస్టారి మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగులో ఆయన మూడో మాట మర్చిపోయాడు. నేరుగా నాలుగోదానికి వెళ్ళి, "ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడతారని అంటారు" అన్నాడు.

రేడియో లేచాడు. ఛాతీ విరుచుకున్నాడు. "సార్, పట్నం వాళ్ళకి ఇరుగుపొరుగు పట్టదన్నారు. పట్టదో, పట్టించుకునే తీరిక లేదో, ఎలా తెలుసు సార్?" గడగడా చెప్పి కూర్చున్నాడు. ఊపిరి తీసుకోలేదు.

కమిటీ వాళ్ళు తల ఊపి అదీ రాసుకున్నారు. నేను కూడా ముందు పట్టించుకోలేదు. మాస్టారు మాత్రం సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఎత్తినట్టే ఉంచేశాడు. ఆయన ఆ మాట అనలేదు. అనని మాటని అనుమానించారు.

ఆయన మొహంలో ఒక్కొక్క దీపమే ఆరిపోవడం వెనక బెంచీ నుంచి కనిపించింది. కిటికీ అవతల, సైకిల్ స్టాండు దగ్గర, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తూ బావమరిది నిలబడి ఉన్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంత బాగా ఆకాశాన్ని చూడడు.

ఎలాగో పాఠం అయింది. కమిటీ పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు. "నేను చాలా కాలేజీలు చూశాను. ఇంత చురుగ్గా అడిగే పిల్లల్ని చూడలేదు. వీళ్ళు సొంతంగా ఆలోచిస్తున్నారు, అందులో అనుమానం లేదు."

ప్రిన్సిపాలు చప్పట్లకి చేతులెత్తాడు. పేపరు బతికిపోయింది. మాస్టారు ఒక్క నమస్కారం పెట్టి ఊరుకుంటే చాలు. నేనైతే ఊరుకునేవాణ్ణి. ఆయన తల కొంచెం పక్కకి వాలింది.

"ఎలా తెలుసండీ?" అన్నాడు.

ప్రిన్సిపాలు చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఏమిటి?" అన్నాడు పెద్దాయన.

"సొంతంగా ఆలోచిస్తున్నారని ఎలా తెలుసని. క్షమించాలి, నేను ఇరుగుపొరుగు మాట అనలేదండీ. మర్చిపోయాను. అయినా దానిమీద అనుమానం వచ్చింది. అంటే అనుమానం ముందే తయారై ఉంది." కాసేపు సుద్దముక్కని చూసుకున్నాడు. "మా ఇంటావిడకి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. బట్టీ పట్టి చదివేవాళ్ళకి ఆవిడ బోర్డు తిప్పి పెడుతుంది. మీరు కూడా ఒకసారి తిప్పి చూడండి. చదవలేకపోతే పేపరు తీసేయండి."

రేడియో తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు. పెద్దాయన తిరిగి కూర్చుని, భూగోళం ఆవిడతో ఏదో గుసగుసలాడి, పిల్లలవైపు తిరిగాడు.

"సరే, తిప్పుతాను. వరండాలో పూలకుండీలు చూశాను, చాలా బాగున్నాయి. అవి రోజూ అక్కడే ఉంటాయా?"

ప్రిన్సిపాలుకి దగ్గు వచ్చింది. పిల్లలు ఆయన వైపు చూడలేక, కమిటీ వైపు చూడలేక, రంగు వేసిన గోడని చూశారు. పెద్దాయన కలం మూత పెట్టబోయాడు.

ఆలస్యం లేచింది. "నేను ఇవాళే చూస్తున్నానండీ" అని, ఆగింది. "కానీ... నేనెప్పుడూ ఆలస్యంగా వస్తాను. ఒకవేళ రోజూ పొద్దున్నే పెట్టి, నేను వచ్చేసరికి తీసేస్తున్నారేమో చెప్పలేను. మధ్యాహ్నం మాత్రం ఉండవు. అది చెప్పగలను." మళ్ళీ ఆగింది. "కింద మట్టి మరకలు కూడా లేవు. రోజూ ఉంటే ఉండాలనుకుంటా. కడిగేస్తారేమో, అదీ తెలీదు."

భూగోళం ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఇది కూడా ఎవరైనా చెప్పి పెట్టారా అమ్మా?"

"లేదండీ. అందరికీ తలో అనుమానం పంచారు, నాకు ఇవ్వలేదు." అంతసేపూ అణచుకున్న ఉక్రోషం గొంతులోకి వచ్చింది. "నువ్వెలాగూ ఆలస్యంగా వస్తావు కదా, నీకెందుకు అన్నారు. ఇవాళ అందరికన్నా ముందొచ్చింది నేనే. మొదటి బస్సుకి ముందు బస్సు ఎక్కాను."

"అది కాదే" అని రేడియో లేచాడు. లేచాక, తనకి ఇచ్చిన అనుమానం అయిపోయిందని, ఇక సొంతది వాడాలని గుర్తొచ్చినట్టుంది. తడబడ్డాడు. "మేం బట్టీ పట్టింది నిజమేనండీ. సార్ పేపరు పోకూడదని పట్టాం. అయితే... కుండీలు తేవడం తప్పు కానప్పుడు అనుమానాలు తేవడం ఎలా తప్పవుతుంది?"

"రెండూ తప్పే" అంది ఆలస్యం.

"నీకిచ్చి ఉంటే ఒప్పయ్యేదా?"

ఆ అమ్మాయి బెంచీ అంచుని గోటితో గీకింది. "అది... ఆలోచించాలి" అంది.

వెనకనుంచి ఇంకొకడు, ఇంటికి చుట్టాలొస్తే దుప్పట్లు మార్చమా, అదీ మోసమేనా అన్నాడు. దుప్పటి మార్చడం వేరు, పక్కింటి పిల్లాణ్ణి తెచ్చి మా అబ్బాయే అనడం వేరు అని ఎవరో అన్నారు. భూగోళం ఆవిడ నవ్వాపుకోలేక, "మేం వస్తున్నామంటే అంతా సర్ది పెడతారని మాకు తెలుసు. తెలిసీ వచ్చి, చూసి, రాసుకుని పోతాం. మరి మేమెందుకు వస్తున్నట్టు?" అంది, ఎవరినీ అడగనట్టు.

"అలా కాదు, కమిటీ ఉంటుందన్న భయంతోనైనా..." అని పెద్దాయన మొదలుపెట్టాడు.

"ఎలా తెలుసండీ?" అన్నాడు రేడియో. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

పెద్దాయన కోప్పడతాడనుకున్నాం. ఆయన కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని, నిజంగానే ఆలోచించాడు. "భయం లేని కాలేజీ ఒకటి చూస్తే కానీ చెప్పలేం. నేను చూడలేదు" అన్నాడు. అక్కణ్ణుంచి వాదన ఎటెటో పోయింది. బయట కట్టిన తాడు తెగి సైకిళ్ళన్నీ వరసగా కూలాయి, ఒక్కరూ తిరిగి చూడలేదు. గంట కొట్టారు, ఒక్కరూ లేవలేదు. మాస్టారు బోర్డుకి ఆనుకుని, రెండు చేతులనిండా సుద్దతో, ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆయన అంత సేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలట.

కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది. ప్రిన్సిపాలు మాస్టారికి చదివి వినిపించి, తనకి అర్థం కాలేదన్నాడు. ‘క్రమశిక్షణ తక్కువగా ఉన్నది. విద్యార్థులు కమిటీతో వాదించినారు. పేపరు కొనసాగించవలెను.’ కింద భూగోళం ఆవిడ చేతిరాతతో ఒక ముక్క ఉంది: ‘మిగిలిన మూడు గోడలకును రంగు వేయించగలరు.’ ఆ ముక్క మాత్రం ప్రిన్సిపాలుకి అర్థమైంది, సంతోషించాడు కూడా. బావమరిది చాలారోజులు అక్క ఇంటి ఛాయలకి రాలేదు. వచ్చినరోజు మాస్టారు కుర్చీ చూపించి, "నువ్వు చేసింది తప్పురా" అన్నాడు. "ఎలా తెలుసు బావా?" అన్నాడతను. ఇద్దరికీ టీ ఇచ్చింది ఆవిడ.

ఇక్కడితో ఆపితే బాగుండేది. పుస్తకాల్లో అయితే ఇక్కడే ఆపుతారు.

మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చారు. వాళ్ళకీ అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చాయి. మాస్టారు ఈసారి ఆఖరి ప్రశ్న జాగ్రత్తగా ఇచ్చాడు: మీ వీధి గురించి అందరూ నమ్మే ఒక మాట రాసి, అది నిజమో కాదో మీకెలా తెలుసో చెప్పండి. పేపర్లు కొట్లో బల్లమీద పరిచాడు. నేను అక్కడే కూర్చుని నా కళ్ళజోడు మరమ్మతు చేయించుకుంటున్నాను. ఒకటి చదివాడు, రెండోది చదివాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. పేపర్లు నా ముందుకి తోశాడు.

అన్నిటిలోనూ ఒకటే. ‘నేనెప్పుడూ ఆలస్యంగా వచ్చుచుండుట చేత ఖచ్చితముగా చెప్పలేకపోవుచున్నాను.’ కాలేజీ గోడ పక్కనే హాస్టల్లో ఉండే కుర్రాడు కూడా అదే రాశాడు. గైడులో మొదటి పేజీలోనే, కమిటీ వారు మెచ్చిన సమాధానము అని పెద్దక్షరాలతో వేశాడట బావమరిది.

ఆవిడ ఒకటి తీసుకుని దీపం దగ్గర పట్టుకుని చదివింది. ఈసారి నవ్వలేదు. ఆయన మొహం చూసింది.

"మళ్ళీ తిప్పాలి బోర్డు" అంది మెల్లిగా.

"దానికి రెండు వైపులే ఉన్నాయి కదే."

"మా కొట్లో నాలుగు బోర్డులున్నాయి. మా నాన్న వాడినవి పెట్టెలో ఇంకా ఉన్నాయి."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ నా కళ్ళజోడు కమ్మి బిగిస్తూ చెవి అటే పెట్టింది. పాలవాడి రోజు ఆవిడకి గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకూ అదే గుర్తొచ్చింది. లోపల కుర్చీ లాగిన చప్పుడైంది. కాగితం చింపిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏవండీ, భోజనం చల్లారిపోతోంది" అని కేకేసింది ఆవిడ. తలుపులోంచి కనిపిస్తున్న వంటింట్లో, ఇందాక ఆవిడ పొయ్యిమీంచి దించి వచ్చిన గిన్నెలోంచి ఇంకా పొగలొస్తున్నాయి.

ఆవిడ కమ్మి బిగించడం ఆపింది.

"ఎలా తెలుసు?" అని వినిపించింది.

"హమ్మయ్య" అంది ఆవిడ నాతో, కళ్ళజోడు నా చేతిలో పెడుతూ.